ఝరియా గాలికి ఏ కొలబద్ద? గనుల ధూళిని కొలిచే తీరులో దాగిన చిక్కు

ఝార్ఖండ్‌లోని ఝరియా పేరు చెప్పగానే దేశమంతటికీ గుర్తుకు వచ్చేవి భూగర్భంలో రగిలే మంటలు. 1916లో మొదటిసారి గుర్తించిన ఆ మంటలు శతాబ్దం దాటినా పూర్తిగా ఆరలేదు. నేల బీటలు వారి పొగలు చిమ్మే దృశ్యాలు పత్రికల్లోనూ, టీవీ తెరల మీదా ఎన్నోసార్లు వచ్చాయి. అయితే ధన్‌బాద్ జిల్లాలోని ఈ బొగ్గు క్షేత్రంలో ఓపెన్‌కాస్ట్ గనుల అంచున నివసించే కుటుంబాలు నిత్యం ఎదుర్కొనే శత్రువు అంత ఆర్భాటంగా కనిపించదు. అది ధూళి. పొద్దున ఊడ్చిన వాకిలి మీద మధ్యాహ్నానికి మళ్లీ పరుచుకుంటుంది. ఆరేసిన బట్టల మీద, మూత పెట్టని నీళ్ల బిందెలో, చెట్ల ఆకుల మీద పేరుకుంటుంది.

ప్రభుత్వ పర్యవేక్షణ కేంద్రాల్లో 2018లో నమోదైన లెక్కలను క్రోడీకరించి గ్రీన్‌పీస్ ఇండియా సంస్థ 2020 జనవరిలో ఒక నివేదిక విడుదల చేసింది. దేశంలో అత్యంత కలుషితమైన గాలి ఉన్న నగరం ఝరియా అని, రెండో స్థానం ధన్‌బాద్‌దని ఆ నివేదిక తెలిపింది. ఝరియాలో పీఎం 10 రేణువుల వార్షిక సగటు ఘనపు మీటరు గాలికి 322 మైక్రోగ్రాములు.

ఈ అంకె ఎంత పెద్దది? దేశమంతటికీ వర్తించే జాతీయ ప్రమాణం 60. దానితో పోలిస్తే అయిదు రెట్లకు పైగా ఎక్కువ. కానీ ఝరియా వంటి పాత బొగ్గు క్షేత్రాల గనుల కోసం కేంద్రం 2000లో విడిగా నిర్ణయించిన ప్రమాణం 250. దానితో పోలిస్తే ఇదే అంకె పరిమితిని నాలుగో వంతుకు కాస్త మించి దాటినట్లు మాత్రమే లెక్క. 322 అన్నది పట్టణ కేంద్రంలో తీసిన కొలతే తప్ప గని అంచున తీసినది కాదు. అయినా గాలి ఒకటే, ఊపిరి ఒకటే అయినప్పుడు రెండు కొలబద్దలు ఎలా వచ్చాయన్న ప్రశ్నకు అది మంచి ప్రవేశద్వారం. దానికి జవాబు వెతకాలంటే ముందు ధూళి స్వభావాన్ని తెలుసుకోవాలి.

నేలరాలే ధూళి, రాలని ధూళి

కంటికి కనిపించే ధూళి అన్నింటికంటే ప్రమాదకరమైనది కాదు. ఇది వినడానికి వింతగా ఉన్నా, గనుల ధూళి గురించి మొదట గ్రహించవలసిన విషయం ఇదే.

మనిషి వెంట్రుక మందం సుమారు 50 నుంచి 70 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. గాలి కదలని గదిలో నిలబడిన మనిషి ముఖం ఎత్తు నుంచి, అంటే సుమారు ఒకటిన్నర మీటరు ఎత్తు నుంచి 100 మైక్రాన్ల రేణువును వదిలితే కొద్ది సెకన్లలోనే నేలను తాకుతుంది. 10 మైక్రాన్ల రేణువుకు దాదాపు ఎనిమిది నిమిషాలు పడుతుంది. ఒక మైక్రాన్ రేణువు అదే ఎత్తు దిగి రావడానికి సుమారు పన్నెండు గంటలు కావాలి. బయట గాలి ఒక్క క్షణమైనా నిశ్చలంగా ఉండదు కాబట్టి ఆ చిన్న రేణువు దిగనే దిగదు, కొట్టుకుపోతూ ఉంటుంది. చీపురుకు దొరికేది మొదటి రకం. ఊపిరికి దొరికేది చివరి రకం.

పది మైక్రాన్లు దాటిన రేణువులను ముక్కులోని వెంట్రుకలు, గొంతులోని జిగట పొర చాలావరకు అడ్డుకుంటాయి. తుమ్ము, దగ్గు, కళ్లె రూపంలో శరీరం వాటిని వెళ్లగొడుతుంది. సుమారు నాలుగయిదు మైక్రాన్ల కంటే చిన్నవి మాత్రం శ్వాసనాళాల చివరన ఉండే వాయుగోణుల దాకా చేరగలవు. ప్రాణవాయువు రక్తంలో కలిసేది అక్కడే. అక్కడ తుడిచి పంపించే జిగట పొర లేదు. కాపలాగా ఉండే భక్షక కణాలు రేణువులను మింగి తొలగించడానికి ప్రయత్నిస్తాయి. మామూలు మట్టి రేణువైతే చాలావరకు నెగ్గుతాయి. రేణువు పలుగురాయి ముక్క అయితే ఓడిపోతాయి.

నలుపును చూసి భయపడితే చాలదు

పలుగురాయిలో ఉండే స్ఫటిక రూపపు సిలికా, దాన్ని మింగిన కణాన్నే చంపుతుంది. కణం చనిపోతే రేణువు మళ్లీ బయటపడుతుంది. దాన్ని ఇంకో కణం మింగుతుంది, అదీ చనిపోతుంది. ప్రతిసారీ ఆ చోట వాపు, ఆపైన మచ్చ ఏర్పడుతూ ఊపిరితిత్తి క్రమంగా గట్టిపడుతుంది. దీన్నే సిలికోసిస్ అంటారు. దీనికి నయం చేసే మందు లేదు. ధూళికి దూరంగా వెళ్లినా వ్యాధి ముదరడం ఆగకపోవచ్చు. క్షయ సోకే అవకాశమూ ఎక్కువవుతుంది. అప్పుడే పగిలిన రాతి నుంచి పుట్టిన సిలికా రేణువు, ఏళ్ల తరబడి గాలికీ వానకూ అరిగిన ఇసుక రేణువు కంటే ఎక్కువ హాని చేస్తుంది. గనిలో పుట్టేది మొదటి రకమే. స్ఫటిక సిలికాను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లోనే క్యాన్సర్ కారకాల తొలి వర్గంలో చేర్చింది.

మధ్యప్రదేశ్‌లోని మందసౌర్ ఉదంతం వైద్య గ్రంథాలకెక్కింది. పిల్లలు పలకల మీద రాసే బలపాలను అక్కడి రాతి నుంచి కోసి తయారుచేసేవారు. అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ పరిశోధకులు 1980ల్లో ప్రచురించిన అధ్యయనంలో, పరీక్షించిన కార్మికుల్లో సగానికి పైగా సిలికోసిస్ కనిపించింది. అక్షరాలు దిద్దించే వస్తువు వెనుక అంతటి కథ ఉంది. అక్కడి ధూళి నల్లగా లేదు. చూడడానికి సున్నం పొడిలా ఉండే ధూళి అది.

బొగ్గు గనులకూ ఇది వర్తిస్తుంది. బొగ్గు పొరను చేరుకోవడానికి దాని మీద ఉన్న మట్టిని, రాతిని తొలగించాలి. సింగరేణి ప్రాంతంలో దీన్ని అందరూ ‘ఓబీ’ అనే పిలుస్తారు. దామోదర్ లోయలోనూ, గోదావరి లోయలోనూ ఈ ఓబీలో ప్రధానంగా ఉండేది ఇసుకరాయి. ఇసుకరాయి అంటే పలుగు రేణువుల ముద్దే. గనిలోని రోడ్లు వేసేది ఈ ఓబీతో. కొండల్లా పేరుకునే డంపులు కూడా ఓబీవే. అందువల్ల ఇంటి గోడకు అంటే నల్లటి బొగ్గుపొడి కంటే, అంతగా కంటికి ఆనని బూడిదరంగు ధూళిలో సిలికా పాలు ఎక్కువగా ఉండే అవకాశం ఉంది. బొగ్గుపొడి హానిచేయదని దీని అర్థం కాదు. గని కార్మికులకు వచ్చే న్యూమోకోనియోసిస్ బొగ్గుపొడి వల్ల వచ్చేదే.

పేలుడు కంటే రోడ్డే పెద్ద మూలం

గని ధూళి అనగానే బ్లాస్టింగ్ గుర్తుకు వస్తుంది. మధ్యాహ్నం సైరన్ మోగడం, నేల అదరడం, ఆకాశంలోకి మబ్బులా ధూళి లేవడం ఊరంతా చూస్తుంది. కానీ అది రోజులో కొద్ది నిమిషాల వ్యవహారం. రేయింబవళ్లు మూడు షిఫ్టుల్లోనూ ధూళిని లేపేది గనిలో డంపర్లు తిరిగే హాల్ రోడ్డు. ఓపెన్‌కాస్ట్ గనుల్లో ధూళికి అతి పెద్ద మూలం ఇదేనని వివిధ దేశాల్లో జరిగిన పరిశీలనలు చెబుతున్నాయి.

కారణం సులభంగానే అర్థమవుతుంది. వంద టన్నుల బరువు మోసే డంపరు మట్టిరోడ్డు మీద వెళితే దాని చక్రం రోకలిలా పనిచేస్తుంది. రాతి ముక్క గులకగా, గులక ఇసుకగా, ఇసుక పిండిగా మారుతుంది. చక్రం వెనుక ఏర్పడే గాలి సుడి ఆ పిండిని పైకి లేపుతుంది. వేగం పెరిగితే ధూళి పెరుగుతుంది. డంపరు డంపరుకీ రోడ్డు మరికాస్త మెత్తబడుతుంది. గని గేటు దాటాక టిప్పర్ల వంతు. టార్పాలిన్ సరిగా కప్పని లోడు నుంచి రాలిన బొగ్గు ప్రజా రహదారి మీద పడి, వెనుక వచ్చే వాహనాల కింద నలిగి, గనితో ఏ సంబంధమూ లేని ఊళ్ల మీదికి కూడా చేరుతుంది. రైల్వే సైడింగులు, క్రషర్లు, బొగ్గును నిల్వచేసి పంపే సీహెచ్‌పీలు, ఎండిన ఓబీ డంపుల మీద వీచే ఈదురుగాలి దీనికి తోడవుతాయి. ఝరియాలో భూగర్భ మంటల పొగ, ఇళ్ల వాడకానికి ఆరుబయట బొగ్గు కాల్చి కోక్ తయారుచేసే పొగ అదనం.

కాలం కూడా తన పాత్ర తాను పోషిస్తుంది. వర్షాకాలంలో ధూళి అణగుతుంది. వేసవిలో లేచిన ధూళి వేడిగాలితో పైకి వెళ్లి పలచబడుతుంది. శీతాకాలపు రాత్రుల్లో నేలను అంటిన చల్లగాలి మీద వెచ్చనిగాలి మూతలా కూర్చుంటుంది. అప్పుడు గనిలో పుట్టిన ధూళి తెల్లవారేదాకా ఇళ్ల ఎత్తులోనే నిలిచిపోతుంది. గని మాత్రం ఆ రాత్రి కూడా నడుస్తూనే ఉంటుంది.

ఒకే ఊపిరికి మూడు కొలబద్దలు

2009 నవంబరులో నోటిఫై చేసిన జాతీయ పరిసర వాయు నాణ్యత ప్రమాణాల ప్రకారం పీఎం 10 వార్షిక సగటు 60, ఇరవై నాలుగు గంటల సగటు 100 మైక్రోగ్రాములను మించరాదు. పీఎం 2.5కు ఈ పరిమితులు 40, 60. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సవరించిన మార్గదర్శకాలు ఇంకా కఠినమైనవి. వాటి ప్రకారం పీఎం 10 వార్షిక సగటు 15కు మించకూడదు. ఇది మొదటి కొలబద్ద. దేశ పౌరులందరిదీ.

రెండోది గని లోపల పనిచేసే వారిది. 2017 నాటి బొగ్గు గనుల నిబంధనల ప్రకారం, పనిచేసే చోట ఊపిరితిత్తులకు చేరగల ధూళి ఘనపు మీటరుకు 2 మిల్లీగ్రాములు, అంటే 2,000 మైక్రోగ్రాములు దాటరాదు. ఈ నిబంధనలో మెచ్చుకోదగిన అంశం ఒకటుంది. ధూళిలో సిలికా 5 శాతం దాటితే పరిమితి దానంతట అదే బిగుసుకుంటుంది. పదిని సిలికా శాతంతో భాగించగా వచ్చేదే అప్పుడు పరిమితి. సిలికా 10 శాతం ఉంటే 1 మిల్లీగ్రాము, 20 శాతం ఉంటే అర మిల్లీగ్రాము. ఏ ధూళి ఎంత విషమో చట్టానికి తెలుసుననడానికి ఇది నిదర్శనం. కానీ గని కంచె దాటగానే చట్టం ఆ సంగతి మరచిపోతుంది. పరిసర వాయు ప్రమాణాల్లో ఓజోన్, సీసం, బెంజీన్, ఆర్సెనిక్, నికెల్ సహా పన్నెండు కాలుష్యకారకాలు ఉన్నాయి. సిలికా వాటిలో లేదు.

మూడో కొలబద్ద గనికీ ఊరికీ నడుమ ఉన్న గాలిది. 2000 సెప్టెంబరు 25న పర్యావరణ పరిరక్షణ నియమాలకు చేసిన సవరణ బొగ్గు గనులను మూడు వర్గాలుగా విభజించింది. ఆ తేదీ తరువాత ప్రారంభమైన కొత్త గనులకు పది మైక్రాన్లలోపు ధూళి వార్షిక సగటు పరిమితి 180. అప్పటికే నడుస్తున్న గనులకు 215. ఝరియా, రాణీగంజ్, బొకారో క్షేత్రాల్లోని గనులకు 250. మూడో వర్గంలో ఇరవై నాలుగు గంటల పరిమితి 300. పాత క్షేత్రాల్లో గాలి అప్పటికే పాడై ఉన్నందున అక్కడ కాస్త వెసులుబాటు ఇవ్వాలన్న తర్కం ఈ విభజనలో కనిపిస్తుంది. పరిశ్రమ కోణం నుంచి అది ఆచరణాత్మకమే కావచ్చు. అయితే ఎక్కడ ధూళి ఎక్కువగా ఉందో అక్కడే పరిమితిని సడలించడం ఆ గాలి పీల్చేవారి కోణం నుంచి చూస్తే తలకిందుల లెక్క.

మనిషి రోజుకు సుమారు 11 వేల లీటర్ల గాలి పీలుస్తాడని ఒక సాధారణ అంచనా. లీటర్లను ఘనపు మీటర్లలోకి మారిస్తే 11. గాలిలో ధూళి 60 మైక్రోగ్రాముల చొప్పున ఉంటే ఏడాదికి పీల్చేది దాదాపు పావు గ్రాము. 250 చొప్పున ఉంటే ఒక గ్రాము. నగల దుకాణంలో తప్ప మరెక్కడా ఎవరూ లెక్కచేయని తూకమిది. కానీ అది కంటికి కనిపించని కోట్ల రేణువుల మొత్తం, ఏటా వచ్చి చేరేది. పీల్చినదంతా లోపలే ఉండిపోదన్నది నిజమే. చిన్నపిల్లలు శరీర బరువుతో పోలిస్తే పెద్దల కంటే ఎక్కువ గాలి పీలుస్తారన్నదీ నిజమే.

అయిదు వందల మీటర్ల దగ్గర ఏం జరుగుతుంది?

2000 నాటి నోటిఫికేషన్‌ను కాస్త ఓపికగా చదివితే మరో సంగతి కనిపిస్తుంది. ఈ సడలించిన పరిమితులకు కొలత తీయవలసింది ధూళి పుట్టే చోటి నుంచి 500 మీటర్ల దూరంలో, గాలి వీచే దిశలో. ఆ 500 మీటర్ల లోపల నివాస ప్రాంతం గానీ, వాణిజ్య, పారిశ్రామిక ప్రాంతం గానీ ఉంటే అక్కడ జాతీయ పరిసర వాయు ప్రమాణాలే వర్తిస్తాయని అదే నోటిఫికేషన్ చెబుతోంది. అంటే హాల్ రోడ్డుకు కూతవేటు దూరంలో ఉన్న ఇంటికి కాగితం మీద రక్షణ తక్కువేమీ లేదు.

చిక్కు ఆచరణలో వస్తుంది. ఝరియాలో గనులకు, బస్తీలకు మధ్య గీత గీయడం కష్టం. కొన్ని బస్తీలు గని కార్మికుల కోసం వెలిసినవి. కొన్నింటి వైపు గనే జరిగి వచ్చింది. మరికొన్ని మంటల ప్రాంతమనీ, ఖాళీ చేయవలసినవనీ ప్రకటించినా జనం కదలనివి. వీటిలో ఏది ‘నివాస ప్రాంతం’ కిందికి వస్తుంది, ధూళి మూలం అంటే క్వారీయా, రోడ్డా, సైడింగా అన్నదాన్ని బట్టి పరిమితి 60 అవుతుంది లేదా 250 అవుతుంది. ఒకే కొలతను ‘పరిమితికి లోబడి ఉంది’ అనీ రాయవచ్చు, ‘నాలుగు రెట్లు దాటింది’ అనీ రాయవచ్చు. రెండు వాక్యాలూ అబద్ధం కావు.

సగటు అన్న మాటలోనూ ఒక తిరకాసు ఉంది. కొలత తీసే యంత్రం నిర్ణీత పరిమాణంలో గాలిని పీల్చి వడపోత కాగితం గుండా పంపుతుంది. ఇరవై నాలుగు గంటల తరువాత కాగితాన్ని తూచి, మొదటి బరువు తీసివేస్తే ధూళి బరువు తెలుస్తుంది. రాత్రంతా పేరుకున్న ధూళి, పగలు గాలి వీచినప్పుడు పలచబడిన ధూళి ఆ ఒక్క అంకెలో కలిసిపోతాయి. వరుసగా టిప్పర్లు వెళ్లే వేళ బడికి నడిచే పిల్లవాడు పీల్చే గాలి అందులో విడిగా కనిపించదు. జాతీయ ప్రమాణాల ప్రకారం వార్షిక సగటు చెప్పాలంటే వారానికి రెండుసార్ల చొప్పున ఏడాదికి కనీసం 104 కొలతలు ఉండాలి. నిమిష నిమిషానికీ లెక్క చూపే నిరంతర కేంద్రాలు ఎక్కువగా ఉన్నవి పెద్ద నగరాల్లో. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం నగరాల జాబితా ఆధారంగా నడుస్తోంది. ధన్‌బాద్ ఆ జాబితాలో ఉంది. తెలంగాణ నుంచి ఉన్నవాటిలో హైదరాబాద్, నల్లగొండ, పటాన్‌చెరు వంటివే తప్ప గోదావరి బొగ్గు బెల్టులోని పట్టణం ఒక్కటీ లేదు.

నీళ్లు చల్లితే సరిపోతుందా?

గనుల్లో ధూళి నివారణ అనగానే ముందుకు వచ్చేది నీళ్ల ట్యాంకరు. అది పనిచేస్తుంది, కానీ తడి ఉన్నంతసేపే. నడివేసవిలో చల్లిన నీరు కాసేపటికే ఆవిరైపోతుంది. ట్యాంకరు తిరిగి వచ్చేలోగా రోడ్డు మళ్లీ పొడిబారుతుంది. ఎక్కువ చల్లితే రోడ్డు బురదై డంపర్లు జారే ప్రమాదం. అందుకే తేమను పట్టి ఉంచే కాల్షియం క్లోరైడ్, మెగ్నీషియం క్లోరైడ్ వంటి లవణాలను కలిపి చల్లే పద్ధతి వచ్చింది.

గాలిలోకి తుంపర చిమ్మే ఫిరంగి వంటి యంత్రాలు ఇప్పుడు గనుల్లోనే కాక నగరాల్లోనూ కనిపిస్తున్నాయి. ఇక్కడ ఒక భౌతిక సూత్రం పనిచేస్తుంది. నీటిచుక్క పెద్దదైతే దాని ముందు గాలి పక్కకు జరుగుతుంది, ఆ గాలితోపాటు సన్నటి రేణువు కూడా తప్పుకుంటుంది. చుక్క కూడా రేణువంత చిన్నగా ఉన్నప్పుడే రెండూ ఢీకొని, అతుక్కుని, నేలరాలుతాయి. కాబట్టి జోరుగా నీళ్లు చిమ్మే గొట్టం కంటికి నచ్చే ధూళినే అణచగలదు. డ్రిల్లింగ్ వేళ రంధ్రంలోకే నీరు పంపే తడి డ్రిల్లింగ్ మాత్రం ధూళిని పుట్టిన చోటే పట్టేస్తుంది. పేలుళ్ల అవసరం లేకుండా బొగ్గును చెక్కుతూ పోయే సర్ఫేస్ మైనర్ యంత్రాలను కోల్ ఇండియా గనుల్లో వాడుతున్నారు.

అన్నింటికంటే గట్టి పరిష్కారం చక్రాలను తగ్గించడం. బొగ్గును గని నుంచి లారీలో కాక మూసిన కన్వేయరు బెల్టు మీద, అక్కడి నుంచి రైల్లో పంపడం. బొగ్గు మంత్రిత్వ శాఖ ‘ఫస్ట్ మైల్ కనెక్టివిటీ’ పేరిట చేపట్టిన పథకాల ఉద్దేశం ఇదే. తెలుగు నేల మీద దీనికి దగ్గరి ఉదాహరణ సత్తుపల్లి. ఖమ్మం జిల్లా సత్తుపల్లి వద్ద సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనుల బొగ్గు రోడ్డు మీదుగా లారీల్లో కొత్తగూడెం వైపు వెళ్లేది. భద్రాచలం రోడ్ నుంచి సత్తుపల్లి దాకా దాదాపు 54 కిలోమీటర్ల కొత్త రైలుమార్గాన్ని 2022 నవంబరులో ప్రధానమంత్రి రామగుండంలో జాతికి అంకితం చేశారు. ఇటువంటి మార్గాలను సాధారణంగా రవాణా ఖర్చు లెక్కల్లోనే చూస్తారు. దారిలోని ఊళ్ల ఊపిరి లెక్కల్లో కూడా చూడవలసినవి అవి. గని లోపలి హాల్ రోడ్డుకు మాత్రం రైలు జవాబు కాదు. అక్కడ వేగ పరిమితి, గట్టి రోడ్డు, తడి తప్ప దగ్గరిదారి లేదు.

దేశంలో బొగ్గు ఉత్పత్తి 2024-25లో వంద కోట్ల టన్నులు దాటింది. అందులో 90 శాతానికి పైగా ఓపెన్‌కాస్ట్ గనులదే. భూగర్భ గనిలో ధూళి లోపలి కార్మికుడి సమస్యగా ఉండేది. ఓపెన్‌కాస్ట్‌లో అది ఊరి సమస్య అయింది.

కార్మికుడికి ఎక్స్‌రే, పొరుగువాడికి?

సిలికోసిస్, న్యూమోకోనియోసిస్ గని చట్టాల కింద ప్రకటిత వ్యాధులు. కార్మికుడికి ఇవి సోకితే యాజమాన్యం ప్రభుత్వానికి తెలియజేయాలి. నిర్ణీత వ్యవధుల్లో అతనికి వైద్య పరీక్షలు జరపాలి. ఆచరణలో లోపాలు ఎన్ని ఉన్నా ఒక వ్యవస్థ అంటూ ఉంది. గని పక్కన టీకొట్టు నడిపే వ్యక్తికి, లారీ మీద టార్పాలిన్ కట్టే కూలీకి, రాలిన బొగ్గు ఏరి సైకిల్ మీద అమ్ముకునే మనిషికి ఆ వ్యవస్థ వర్తించదు. దగ్గుతో ఆసుపత్రికి వెళితే క్షయ మందులు రాసి పంపే అవకాశమే ఎక్కువ. ఎక్స్‌రేలో రెండూ పోలికగా కనిపిస్తాయి. ఎక్కడ పనిచేశావు, ఎక్కడ ఉంటున్నావు అని వైద్యుడు అడిగితే తప్ప తేడా పట్టుబడదు.

రాజస్థాన్ ఈ విషయంలో మిగిలిన రాష్ట్రాల కంటే ముందడుగు వేసింది. ఇసుకరాయి గనుల్లో పనిచేసి జబ్బుపడినవారిలో చాలామంది చేతిలో ఉద్యోగం చేసినట్లు కాగితం ఉండదు. 2019లో తెచ్చిన న్యూమోకోనియోసిస్ విధానం కింద వైద్య మండలి ధ్రువీకరించిన రోగికి 3 లక్షల రూపాయలు, మరణిస్తే కుటుంబానికి మరో 2 లక్షలు అందే ఏర్పాటు చేసింది. ఎవరి గనిలో పనిచేశారో నిరూపించే భారం రోగి మీద వేయకపోవడం ఇందులో అసలు విశేషం.

డబ్బు లేదని ఇతర రాష్ట్రాలు అనడానికి వీలు తక్కువ. 2015లో గనుల చట్టాన్ని సవరించి ఏర్పాటు చేసిన జిల్లా ఖనిజ సంస్థలకు గని యజమానులు రాయల్టీకి అదనంగా సొమ్ము జమచేస్తారు. ఆ నిధులను ముందుగా వెచ్చించవలసిన రంగాల్లో తాగునీరు, వైద్యం, విద్యతోపాటు కాలుష్య నియంత్రణ కూడా ఉంది. గని చుట్టుపక్కల ఊళ్లలో ఊపిరితిత్తుల సామర్థ్య పరీక్షలకు, ఎక్స్‌రే చదవగల వైద్యుల శిక్షణకు ఆ నిధిని వాడడానికి కొత్త చట్టం అక్కర లేదు.

అంకెలు ఎక్కడ దొరుకుతాయి?

పర్యావరణ అనుమతి పొందిన ప్రతి గనీ 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ ప్రకారం ఆరు నెలలకోసారి, జూన్ 1న, డిసెంబరు 1న, షరతుల అమలుపై నివేదిక సమర్పించాలి. వాయు నాణ్యత కొలతలు వీటికి జతచేసి ఉంటాయి. గని విస్తరణకు ముందు కాలుష్య నియంత్రణ మండలి జరిపే ప్రజాభిప్రాయ సేకరణలో గ్రామస్థుల చేతికి వచ్చే అంకెలూ ఇటువంటివే. సభకు కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి కాబట్టి చదవడానికి వ్యవధి ఉంటుంది.

ఆ పట్టికల్లో చాలామంది చూసేది చివరి అంకె. దానికంటే ముందు చూడవలసినవి కొలత తీసిన చోటు, ధూళి మూలం నుంచి దాని దూరం, తీసిన నెల, పోల్చిన ప్రమాణం. జూలైలో తీసిన కొలత జనవరి గాలి గురించి ఏమీ చెప్పదు. గాలి వచ్చే వైపు పెట్టిన యంత్రం గాలి పోయే వైపు ఇళ్ల గురించి చెప్పదు. ప్రమాణం గడిలో 100 అని ఉందా, 300 అని ఉందా అన్నది అన్నింటికంటే ముఖ్యం. ఇంటికీ హాల్ రోడ్డుకూ మధ్య 500 మీటర్లు లేనప్పుడు 300 అని రాసి ఉంటే, ప్రజాభిప్రాయ సేకరణలో లేవనెత్తవలసిన మొదటి ప్రశ్న అదే.

ఝరియా విషయానికి వస్తే, మంటలు, భూమి కుంగుబాటు, పునరావాసాలకు 2009లో ఆమోదించిన బృహత్ ప్రణాళిక గడువు 2021లో ముగిసింది. 5,940 కోట్ల రూపాయల సవరించిన ప్రణాళికకు కేంద్ర మంత్రివర్గ సంఘం 2025 జూన్‌లో ఆమోదం తెలిపింది. ప్రమాదం ఎక్కువగా ఉన్న చోట్ల నుంచి కుటుంబాలను దశలవారీగా తరలించడం అందులోని ప్రధానాంశం. తరలింపు పూర్తయ్యే దాకా ఆ కుటుంబాలు అక్కడే, ఆ రోడ్ల పక్కనే ఉంటాయి.